వీరప్ప చదివిన ఉత్తరం

కిందటి వారం కమలమ్మను వేలూరు ఆసుపత్రి వరండాలో వదిలి వచ్చాం. నర్సు అమ్మణి కాగితం మీద వేలు పెట్టి, "అక్కా, నువ్వు చెప్పిన మాట దీంట్లో యాడా లేదే!" అన్న దగ్గర ఆగాం.

ఆ కాగితాలు రెండేళ్ళ కిందట, పోయే ముందు, కమలమ్మ భర్త బలరామయ్య మంచం మీద నుంచి రాసినవి. గుడియాత్తం రైల్వే స్టేషన్‌లోని భోజన హోటల్ ఆయనదే. ఆయన రాసింది తెలుగులో. ఆ ఇంట్లో అందరూ పుట్టింది మొదలు తెలుగే మాట్లాడతారు గాని చదవడానికి వచ్చింది అరవమే. పెద్దకర్మ నాడు స్టేషన్ మాస్టరు శివప్రకాశం ఆ కాగితాలు తెచ్చి ఇస్తే, చిత్తూరులో నాలుగేళ్ళు చదువుకొచ్చాడని పేరున్న తమ్ముడు వీరప్ప బంధువులందరి ముందూ పైకి చదివాడు. హోటల్ తమ్ముడు చూసుకోవాలట. ఆడవాళ్ళు వంటింటి గడప దాటి ప్లాట్‌ఫారం మీదికి రాకూడదట. ఆ రోజు నుంచి కమలమ్మ ఆ గడప దాటలేదు.

ఇప్పుడు లైసెన్సు గడువు ముగిసింది. పాత లైసెన్సుదారు తన తర్వాత ఎవరని రాసిపెట్టి ఉంటే ఆ కాగితం శుక్రవారం వచ్చే అధికారికి చూపాలనీ, లేకపోతే హోటల్ ఖాళీ చెయ్యాలనీ రైల్వే నుంచి తాఖీదు వచ్చింది. కాగితం ఏదని అడిగితే, చెదలు తినేశాయన్నాడు వీరప్ప. అది అతని పెట్టెలోనే, చొక్కాల అడుగున, కమలమ్మకు దొరికింది. శుక్రవారం ఉదయం మొదటి బస్సుకే ఆమె వేలూరు చేరింది. బలరామయ్య జబ్బుపడినప్పుడు కనిపెట్టుకుని చూసిన నర్సు అమ్మణికి తెలుగు చదవడం వచ్చునన్న సంగతి ఆమెకు గుర్తుంది.

అమ్మణిది కనియంబాడి. ఆ ఊళ్ళోని తెలుగు క్రైస్తవుల ఇంటి పిల్ల. బడిలో అరవమే చదివినా, ఇంట్లో రోజూ తండ్రి ఎదుట కూర్చుని తెలుగు బైబిల్ చదివితేగాని అన్నం పెట్టేవారు కాదు. అచ్చు అక్షరాలు ఆమెకు తేలిక. బలరామయ్య గొలుసుకట్టు రాత దగ్గర మాత్రం ఒక్కో మాటా కూడబలుక్కోవలసి వచ్చింది.

"'ఇక హోటల్ సంగతి. నా తరువాత లైసెన్సు నా భార్య కమలమ్మ పేర ఉండవలెను. ప్యాసింజర్లు ఇన్నాళ్ళూ నా మొగము చూసి దిగలేదు. ఆమె చేతి వంటకు దిగినారు. ముందర బల్ల దగ్గరి కుర్చీలో ఆమెయే కూర్చోవలెను. తమ్ముడు వీరప్ప ఆమెకు తోడుగా ఉండవలెను.' కింద సంతకం ఉండాది అక్కా."

కమలమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుంది.

"మళ్ళీ చదువు తల్లీ."

అమ్మణి మళ్ళీ చదివింది.

"గడప దాటగూడదని...?"

"లేదక్కా. ఆ మాటే లేదు."

"అడుగున యాడన్నా, చిన్న అచ్చరాల్లో..."

"లేదు. నా మీద నమ్మకం ల్యాకుంటే ఇంకొకరికి చూపించు."

అప్పుడు కమలమ్మ ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. రోగుల కోసం వచ్చినవాళ్ళు ఆగి చూశారు. ఆసుపత్రి కదా, ఎవరో పోయారనుకుని తలదించుకుని తప్పుకున్నారు. వాళ్ళకేం తెలుసు, ఆమెకు పోయినవాడు తిరిగి దొరికాడని.

అమ్మణి రెండో కాగితం తీసింది. రెండు వరసలు చదివి చటుక్కున గొంతు తగ్గించింది.

"అక్కా, ఇది మీ మరిదిని గురించి."

"ఏం రాసినాడు?"

"'వీరప్పకు చదువు రాదు.'"

---

గుడియాత్తం బస్సులో కమలమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది. బయట పొలాలు, చింతచెట్లు వెనక్కి పోతున్నాయి గాని ఆమెకు ఏమీ కనిపించడం లేదు.

పాకాల స్టేషన్ హోటల్లో వంట నేర్చుకుని వచ్చిన బలరామయ్య మొదట ప్లాట్‌ఫారం చివర తాటాకు పందిరి కింద ఇడ్లీలు అమ్మాడు. కమలమ్మ కాపురానికి వచ్చిన ఏడే రైల్వే వాళ్ళు గది ఇచ్చారు. యుద్ధం రోజుల్లో సిపాయిల బళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చి ఆగేవి. ఆమె అన్నం వార్చేది, ఆయన పొట్లాలు కట్టేవాడు. పొట్లాలు అందించడానికి ఆయన చేతులు చాలకపోతే ఆమె కూడా పరుగెత్తేది. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఆగిన ప్రతి బండికీ కేసరి పంచారు. గార్డు పచ్చజెండా ఊపాక కూడా ఆమె బండి వెంట పోతూ కిటికీలో చేతికి కేసరి పెట్టిన ఆకు అందించింది. బలరామయ్య పగలబడి నవ్వాడు. "మద్రాసు దాకా పరిగెత్తేట్టుండావే!" అన్నాడు.

ఆ మనిషి గడప దాటవద్దని ఎలా రాశాడు? రెండేళ్ళుగా ఆమెను కొరికిన ప్రశ్న అదే. హోటల్ తమ్ముడికి ఇచ్చాడన్న బాధ కాదు. ఇన్నాళ్ళూ తనను పరుగెత్తనిచ్చింది గతిలేకేనా, మనసులో ఇంత చిన్నచూపు ఉండేదా అని. ఏడాది తద్దినం వచ్చినప్పుడు వంట చేసి పెట్టింది గాని, ఆయన ముఖం తలుచుకోలేదు.

ఆ దుఃఖం తగ్గుతున్నకొద్దీ కోపం పెరిగింది. వీరప్ప మీద కోపం. చదువు రానివాడు రాదని చెప్పొచ్చుగా! నలుగురిలో నోటికొచ్చింది చదివి తనను గదిలో మూసేశాడు. సరే, నలుగురిలోనే తేలుస్తాను. ఈ కాగితం అందరి ముందూ చేతికిచ్చి, "చదువు నాయనా" అంటాను. గుడియాత్తం చేరేసరికి ఆ మాటను ఆమె ఇరవైసార్లు అనుకుని ఉంటుంది. బస్సు దిగి, స్టేషన్‌కు జట్కా మాట్లాడుకుంది.

---

మధ్యాహ్నం భోజనాలు అయిపోయి బల్లలు కడుగుతున్నారు. ముందర కుర్చీలో వీరప్ప ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఆ రోజు యాభైవాడిలా కనిపించాడు. పెట్టె తెరిచి ఉండటం అతను చూసుకున్నాడు. ఎదురు బెంచీ మీద శివప్రకాశం కాఫీ తాగుతున్నాడు. ఇద్దరు పోర్టర్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

వెనక తలుపు నుంచి వచ్చిన కమలమ్మ వంటింటి గడప మీద ఆగింది. ఆమె చేతిలో కాగితాలు చూసి శివప్రకాశం సంబరంగా లేచాడు. ఆయనది తిరువణ్ణామలై వైపు అరవ కుటుంబం. ఈ హోటల్లో తిని తిని తెలుగు నేర్చాడు.

"వాంగమ్మా, వాంగ, రండి! దొరికినాదా కాగితం? చెదలు తినేసినాదని చెప్పినాడే వీరప్ప! నల్ల వేళ, మంచిదయింది! నాలుగు గంటల బండికి ఆఫీసర్ వస్తాడు, ఆయన తెలుగాయనే. ఒక పని చేద్దాం. వీరప్ప చదవనీ, నేను ఇంగిలీషులో రాసుకొంటాను. ఆఫీసర్‌కు ఫైల్లో పెట్టుకొనేదానికి సులువుగా ఉంటాది." జేబులోంచి కలం తీశాడు. "ఇయ్యండమ్మా ఆయనకు."

కమలమ్మ అడగకుండానే ఆమె కోరుకున్నది జరుగుతోంది. పోర్టర్లు కూడా లోపలికి వచ్చారు. బల్లలు కడిగే ఆడమనిషి గుడ్డ పట్టుకుని నిలబడింది. పెద్దాయన ఉత్తరం మళ్ళీ వినాలని వాళ్ళకూ ఉంది.

వీరప్ప లేచాడు. కాగితాల కోసం చెయ్యి చాపాడు. చాపకపోతే ఎలా? అతను కమలమ్మ ముఖం కేసి చూడలేదు, కాగితం కేసీ చూడలేదు. నేల కేసి చూస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు కదులుతున్నాయి. ఆనాడు ఏం చదివాడో గుర్తు తెచ్చుకుంటున్నాడని ఆమెకు అర్థమయింది. ఒక్క మాట తేడా రాకూడదు కదా.

కమలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడొద్దు మేస్త్రీ," అన్నది శివప్రకాశంతో. మాస్టరు అనే మాటను ఆమె మొదటినుంచీ అలాగే పలుకుతుంది. "వీరప్పకు తెల్లారినుంచి తలనొప్పి. కండ్లు కూడా ఎర్రగా ఉండాయి చూడు. ఆఫీసరే వచ్చి చదువుకొంటాడు." మరిది వైపు తిరిగింది. "లోపలికి రా నాయనా. కషాయం పెట్టిస్తా."

అతను ఆమె వెంట వంటింట్లోకి వచ్చాడు. ఆమె తలుపు దగ్గరగా వేసింది. పొయ్యిలో నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అన్నం గుండిగ బోర్లించి ఉంది.

"నా పెట్టె నువ్వే తెరిచినావా వొదినా?" గొంతు పెంచబోయాడు. అది పెరగలేదు.

"తెరిచినా. వేలూరుకు పోయి చదివించుకొని వచ్చినా."

వీరప్ప గోడకు ఆనుకుని, జారుతూ నేల మీద కూర్చున్నాడు.

"నాకు చదవను రాదొదినా."

"తెలుసు."

"ఒక అచ్చరం కూడా రాదు. చిత్తూర్లో బడికి పోయింది నాలుగు దినాలు. అయ్యవారు కొట్టినాడని పారిపోయి, బజార్లో ఒక కాఫీ కొట్లో గ్లాసులు కడిగినా. నాలుగేండ్లు. ఇంటికొస్తే మా యమ్మ ఊరందరికీ చెప్పేసింది, నా కొడుకు తెలుగు చదువుకొనొచ్చినాడని. ఆ మాట ఎట్ల కాదనేది?"

"అది సరే. ఆ పొద్దు నలుగురిలో ఏంటికట్ల చదివినావు? ఏమనుకొని చదివినావు?"

"ఏమనుకోలేదొదినా! సత్తెంగా ఏమనుకోలేదు. అందురూ నా నోరే చూస్తా ఉండ్రి. పెదమామ పక్కన కూసోని, 'హోటలు తమ్మునికే గదా రాసుండేది?' అనె. అవునవును, అట్లే ఉండాదంటి. 'ఆడకూతురు బయటికి రావడమేంది ఇంక' అని ఇంకొకరెవరో అనిరి. అదీ ఉండాదంటి. వాళ్ళు ఏమడిగితే అదంతా కాగితంలో ఉన్నట్టే చెప్పుకొంటా పోతి. చాలించేదెట్లనో తెలియలా."

కమలమ్మ చేతికి దొరికిన గరిటె నేలకేసి కొట్టింది. అది ఎగిరి గుండిగకు తగిలి మోగింది. బయట మాటలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

"రెండేండ్లు వీరప్పా! ఈ గోడల మధ్య రెండేండ్లు. బండి కూత వినిపిస్తే కాళ్ళు పీకేవి నాకు. అది కూడా పోనీ. మీ యన్న మీద కోపం పెట్టుకొనుండా. సచ్చిపోయినోని మీద! ఆయప్ప పటానికి దీపం పెట్టేటప్పుడు కూడా మొగం చూడకుండా పెట్టినా. అది ఎవరిస్తారు నాకు తిరిగి?"

వీరప్ప రెండు చేతులతో తలపట్టుకున్నాడు. "ఆఫీసరు తెలుగాయన అనిరి. ఆయప్ప చదివితే అంతా బయటపడతాది గదా అని దాచినా. హోటలు పోయినా సరే అనుకొంటి. నలుగురిలో నా మానం పోగూడదనుకొంటి. కొట్టొదినా. ఆ గరిటెతోనే కొట్టు."

ఆమె కొట్టలేదు. చేతిలోని మడతలోంచి రెండో కాగితం తీసింది.

"ఇది నీ గురించి రాసిండాది. విను."

కాగితం విప్పి కళ్ళ ముందు పట్టుకుంది గాని ఆమె చదవడం లేదు. ఆమెకూ ఆ అక్షరాలు రావు. ఆసుపత్రి వరండాలో అమ్మణి చేత మూడుసార్లు చదివించుకుని కంఠతా పట్టింది. కళ్ళు మూసుకుని చెప్పింది.

"'వీరప్పకు చదువు రాదు. వాడు బడికి పోలేదని ఆ యేడే అయ్యవారు నాకు జాబు రాసినారు. నేను వాణ్ణి అడగలేదు. అడిగితే సిగ్గుపడి ఇల్లు విడిచి పోతాడని నా భయము. ఈ కాగితములు నలుగురిలో వాని చేతికి ఇచ్చి చదవమనవద్దు. వాడు నొచ్చుకొనును. బండి వచ్చినపుడు ఎవరు ముసలివారో, ఎవరు పిల్లతల్లో చూసి ముందు వారికి అన్నము తీసుకొని పోవును. ఆ చదువు నాకు కూడ రాదు.'"

వీరప్ప నోరు తెరిచి చూస్తున్నాడు.

"తెలుసునా? అన్నకు తెలుసునా?"

"అప్పటినుంచి తెలుసు."

"ఆయప్ప నన్ను పేపరు చదవమని ఒక్కనాడు కూడా అడగలా," అన్నాడు మెల్లగా. "అదురుష్టం అనుకొంటి." అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి నవ్వాడు. "చదవమనొద్దని రాసిన కాగితాన్నే నా చేత చదివించినారు గదొదినా!"

కమలమ్మకూ నవ్వు వచ్చింది. ఆపుకోబోయింది. ఆగలేదు. గుండిగ పక్కన కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. రెండేళ్ళుగా గుండె మీద ఉన్నదేదో దిగిపోయినట్టు ఊపిరి బాగా ఆడింది.

"నా కోపం ఇంకా పోలేదు," అన్నది కళ్ళు తుడుచుకుంటూ. "దినామూ ఇంత తిడతా నిన్ను."

"తిట్టొదినా."

"ఈ కాగితం నీది. ఉంచుకో. ఆఫీసరుకు మొదటిది చూపిస్తే చాలు."

వీరప్ప దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడో సరిగ్గా పట్టుకున్నాడో అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

---

నాలుగు గంటల బండి కూత వినిపించింది. కమలమ్మ ముఖం కడుక్కుంది. జుట్టు సవరించుకుంది. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఎవరూ ఆపలేదు. వీరప్ప ముందే పోయి కుర్చీని తుండుగుడ్డతో తుడిచి పక్కకు తొలగాడు.

ఆమె ముందు ప్లాట్‌ఫారం మీదికే వెళ్ళింది. ఎండ కళ్ళలో పడింది. బండి పొగా, బొగ్గు వాసనా, కిటికీల్లో ముఖాలు, గుడియాత్తం లుంగీల మూటలు మోసుకుంటూ పరుగెత్తే మనుషులు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. "అమ్మా, బయటికొస్తివా!" అని ముసలి పోర్టరు కన్నప్ప నెత్తిన పెట్టెతోనే నిలబడిపోయాడు. ఆమె తలూపింది. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది.

అధికారి రంగరాజులు పొట్టిగా, తెల్ల చొక్కాలో, చేతిసంచితో వచ్చాడు. నెల్లూరు వైపు వాడు. కుర్చీలో ఆడమనిషిని చూసి తడబడ్డాడు గాని, వీరప్ప తెచ్చిన కాఫీ ఒక గుక్క తాగాక నెమ్మదించాడు.

"మా నెల్లూరు ఆంధ్ర రాష్ట్రంలోకి పోయి పది నెలలయింది," అన్నాడు. "ఇక్కడ మద్రాసు రాష్ట్రంలో తెలుగు కాగితం చదవమంటారని అనుకోలేదమ్మా. ఏదీ?"

చదివాడు. ఒకసారి ఆమెను చూశాడు. మళ్ళీ చదివాడు. శివప్రకాశం కలం మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీరప్ప ఊపిరి బిగబట్టాడు.

"రాత స్పష్టంగా ఉంది. సంతకం మా ఫైల్లో ఉన్న సంతకమే. లైసెన్సుకు ఇది చాలు. మీ పేరు మీదే రాస్తాను."

కన్నప్ప గుమ్మంలోంచే "అమ్మా!" అని కేక వేశాడు. బల్లలు కడిగే ఆడమనిషి కమలమ్మ చెయ్యి పట్టుకుంది. ఆనాడు విన్నదానికి ఇది ఎలా కుదిరిందని అడగడం ఆ సంబరంలో ఎవరికీ తోచలేదు. వీరప్ప మాత్రం తలుపు చాటుకు వెళ్ళి ముఖం తుడుచుకుని వచ్చాడు. ఇరవయ్యేళ్ళు నడిచిన పొయ్యి ఇక ఆరదు. అది చాలు కమలమ్మకు. ఇంకేమీ వద్దనిపించింది.

రంగరాజులు కాగితం మడవబోయి ఆగాడు.

"మిగతాది ఏదమ్మా?"

కమలమ్మ వీరప్ప వైపు చూసింది. అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"మిగతాదంటే... అది ఇంటి సంగతి సామీ. లైసెన్సుకు పనికిరాదు."

"తర్వాతది కాదు. ముందుది." కాగితం పైన మూలలో ఉన్న చిన్న మెలిక మీద వేలు పెట్టాడు. "ఇది చూశారా?"

"అది పిళ్ళయార్ సుళి గదా సామీ. ఏం రాసినా ముందు అది పెట్టే కదా మొదలుపెడతారు."

"మీరు అరవం చదువుతారు కాబట్టి వినాయకుడి గుర్తు అనుకున్నారు. ఇది తెలుగు అంకె. రెండు. ఇది రెండో కాగితం. 'ఇక హోటల్ సంగతి' అని మొదలుపెట్టాడంటే దీనికి ముందు ఇంకేదో సంగతి రాసి ఉండాలి. ఆ మొదటి కాగితం ఏదీ?"

కమలమ్మ చూపు మరిది మీదికి పోయింది. కళ్ళలో మళ్ళీ అనుమానం.

"వొదినా, అమ్మతోడు! నా చేతికొచ్చింది రెండే. మేస్త్రీ ఇచ్చినప్పుడే రెండు."

అందరూ శివప్రకాశం వైపు తిరిగారు. స్టేషన్ మాస్టరు కలం మూత పెట్టాడు. నెత్తిన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"మొదటిది నా ఇనప్పెట్టెలో ఉండాదమ్మా," అన్నాడు. "నోరు తెరవగూడదని నా చేత ఒట్టు వేయించుకొన్నాడు బలరామయ్య. 'కమలమ్మ బయటికొచ్చి ఈ కుర్చీలో కూర్చున్న నాడు ఇయ్యి, అంతవరకు ఇయ్యవద్దు' అని చెప్పిపోయినాడు. గడప దాటగూడదనే మాట విన్న నాడు కూడా ఆ ఒట్టుకు కట్టుబడి ఊరకుండినాను. రెండేండ్లుగా ఈ దినానికే కాచుకొని ఉండాను."

నడుముకున్న తాళాల గుత్తి విప్పుతూ ఆయన తన గది వైపు నడిచాడు.